తీసిన కార్డు చోట పెట్టిన చీటి

పదకొండేళ్ళ కిందట, జూన్ నెల మొదటి సోమవారం నాడు, పాతబస్తీలో ఒక బస్సు డిపోలో స్టోర్‌కీపర్‌గా ఛార్జి తీసుకున్నాను. అంతకుముందు పదహారేళ్ళు అదే కౌంటర్ వెనక మొదట శ్రామిక్ అనే హెల్పర్‌గా, తర్వాత అసిస్టెంట్‌గా పనిచేశాను. ఛార్జి తీసుకోవడమంటే మా దగ్గర కుర్చీ మారడం కాదు. పాత స్టోర్‌కీపర్, కొత్త స్టోర్‌కీపర్ ఇద్దరూ ర్యాకు ర్యాకుకూ తిరిగి, ప్రతి వస్తువునూ కళ్ళతో చూసి, జాబితా కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు తాళాల గుత్తి నా నడుముకు చేరింది.

ఆ వారం ఆదివారమే నేను గ్రీకు భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఈ సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెల నా డిగ్రీ పట్టా చేతికొచ్చింది. మా ఇంట్లో, మా బాపు ఇంట్లో, ఆయన బాపు ఇంట్లో డిగ్రీ అనేది చేసిన మొదటి మనిషిని నేనే. రిటైరై రెండేళ్ళయ్యాక. మా ఛత్రినాక గల్లీలో సగం ఇళ్ళకు తీసుకెళ్ళి చూపించాను, మిగతా సగం వాళ్ళు నేను పిలవకముందే వచ్చి చూసిపోయారు. కూరగాయల బండి ఆయన చేతులు తడిగా ఉన్నాయని దూరం నుంచే చూశాడు. మీకు చూపించే వీలు లేదు కాబట్టి, ఆ పట్టా నాకు ఎప్పుడో రావలసింది ఎట్లా చేజారిందో చెబుతాను. అది చెప్పాలంటే ముందు స్టోర్స్ పని కొంచెం చెప్పాలి.

డిపో స్టోర్స్‌లో ర్యాకులుంటాయి. ర్యాకులో ఒక్కో గడిని బిన్ అంటారు. ప్రతి బిన్‌కూ ఒక అట్ట కార్డు ఉంటుంది. దాని మీద మూడు గళ్ళు: వచ్చింది, పోయింది, ఉన్నది. మెకానిక్ వచ్చి ఫలానా స్పేర్ కావాలంటే స్టోర్‌కీపర్ ముందు చూసేది ర్యాకు కాదు, కార్డు. అందుకే కార్డు తన చోట ఉండాలి. తనిఖీకో రాతకో దాన్ని తీయాల్సి వస్తే, ఆ చోట గులాబీ రంగు చీటి ఒకటి పెట్టాలి. ఏ కార్డు తీశారు, ఎందుకు తీశారు, ఎవరు తీశారు, తేదీ, సంతకం. ఆ చీటికి కార్బన్ నకలు పుస్తకంలో మిగులుతుంది. కార్డు తిరిగి పెట్టాక అదే చీటి కింద ఇంకో సంతకం చేసి మూసేయాలి. దాన్ని మేము ఔట్ చీటి అనేవాళ్ళం.

బయటివాళ్ళకు ఇది చాదస్తంగా కనిపిస్తుంది. కానీ కార్డు లేకపోతే బిన్ ఖాళీ అనుకుంటారు. బ్రేకు లైనర్లు అరలోనే ఉంటాయి, బస్సు మాత్రం రిపేరు పిట్ మీద నిలబడిపోతుంది. నన్ను పనిలో పెట్టినప్పుడు మా పెద్ద స్టోర్‌కీపర్ చెప్పిన మొదటి మాట ఇది: "వస్తువు లేకపోవుడు నీ తప్పు గాదు బిడ్డా. ఉండి లేదనుడు తప్పు." చీటి పెట్టకుండా కార్డు తీసినందుకు మొదటి ఏడాదిలోనే నాకు ఒక మెమో వచ్చింది. ఆ తర్వాత పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు. చెయ్యి కార్డు మీద పడితే రెండో చెయ్యి చీటి పుస్తకం మీద పడేది.

ఇక గ్రీకు సంగతి. మా చర్చి వెనక హాల్లో ఆదివారాలు మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు బైబిల్ బడి నడిచేది. పనులు చేసుకునేవాళ్ళకోసం పెట్టిన బడి. మేం పదకొండు మందిమి. చెప్పేది రిటైరైన పాస్టరయ్య, మేమంతా అయ్యగారు అనేవాళ్ళం. ఒక చెవి సరిగ్గా వినపడదు, ఆ చెవి వైపు కూర్చున్నవాళ్ళు అప్పజెప్పితే రెండుసార్లు అప్పజెప్పాలి. కొత్త నిబంధన మొదట రాసింది గ్రీకులో కాబట్టి, వేదాంతంలో డిగ్రీ చేయాలంటే ఆ భాష రావాలి. మొదటి రోజే అయ్యగారు చెప్పేశారు. దూరవిద్య డిగ్రీకి మా బడి నుంచి ఏడాదికి ఒక్క పేరే సిఫారసు చేసి పంపుతారు. నామవాచకాలు, ప్రిపొజిషన్లు అయ్యాక పరీక్ష పెడతారు. అందులో మొదట వచ్చినవాళ్ళ పేరు పోతుంది. వాళ్ళే తర్వాత ఆయన పక్కన కూర్చుని కింది తరగతికి పాఠం చెబుతారు.

నేను ఇంటర్, అదీ ప్రైవేటుగా కట్టి రెండోసారి పాసైనదాన్ని. ఆ సిఫారసు లేకుండా నన్ను ఏ కాలేజీ గుమ్మం ఎక్కనివ్వదు. ఆ ఒక్క పేరు నాదే కావాలి. ఇంటికెళ్ళే దారంతా అదే అనుకుంటూ నడిచాను.

గ్రీకు నామవాచకం సంగతి నాకు త్వరగానే అర్థమైంది. మనకు బడిలో డుమువులు ప్రథమా విభక్తి అని నేర్పుతారు కదా, అట్లాంటిదే. మాటకు తోక మారుతుంది. లోగోస్ అంటే మాట. ఆ మాట పని చేస్తే లోగోస్, మాట యొక్క అంటే లోగూ, మాటకు అంటే లోగో, మాటను అంటే లోగోన్, ఓ మాటా అని పిలిస్తే లోగే. మా బాపు బేగంబజార్‌లో హమాలీ. చదువు రాదు. కానీ బస్తా మూల మీద సుద్ద గుర్తు చూసి అది ఏ దుకాణానికి పోవాలో, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పేవాడు. నామవాచకం తోక కూడా అంతే. ఆ నామవాచకాలను మూడు ర్యాకులుగా సర్దుకోవచ్చు. మొదటి ర్యాకులో ఎక్కువగా ఆడ మాటలు, రెండో దాంట్లో మగవి, రెండూ కానివి. మూడోది మాత్రం మా స్టోర్స్‌లో ఏ ర్యాకుకూ చెందని వస్తువులు పడేసే అరలాంటిది. దాంట్లో ఎప్పుడు చెయ్యి పెట్టినా ఏదో ఒకటి గుచ్చుకునేది.

ప్రిపొజిషన్లు కూడా అట్లాగే పట్టుకున్నాను. మనం ఇంట్లో, ఇంట్లోకి, ఇంట్లోనుంచి అని మాట వెనక తగిలిస్తాం. వాళ్ళు ముందు పెడతారు. ఎయిస్ అంటే లోకి, ఎక్ అంటే లోనుంచి, ఎన్ అంటే లో. చూడగానే నాకు నవ్వొచ్చింది. వచ్చింది, పోయింది, ఉన్నది. నా బిన్ కార్డు మీది మూడు గళ్ళే అవి.

అందుకని బేగంబజార్ వెళ్ళి అట్టలు కొన్నాను. బిన్ కార్డు కొలతకే కోశాను. ఒక్కో కార్డు మీద ఒక్కో మాట, దాని అన్ని రూపాలు. ప్రిపొజిషన్లు పదిహేడు, పదిహేడు కార్డులు. చెప్పుల పెట్టెలో అడ్డ అట్టలు పెట్టి ర్యాకులుగా విడగొట్టాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక కౌంటర్ దగ్గర ఆ పెట్టె ముందేసుకునేదాన్ని. మెకానిక్ సలీం భాయ్ ఒకరోజు బేరింగ్ కోసం వచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు.

"క్యా ఆపా, నయా స్పేర్ ఆయా క్యా? లోగోస్ అంటే ఏ బండిది?"

"బండిది గాదు భాయ్. లోగోస్ అంటే మాట. అయిదు తీర్ల మారుతది."

"మాటకు అయిదు తీర్లా? మా ఇంట్ల ఒక్కటే తీరు. మా బేగం చెప్పిన తీరు." బేరింగ్ తీసుకుని పోతూ, "ఫికర్ మత్ కరో, పాసైతవ్" అన్నాడు.

ఫికర్ నాకు పరీక్ష గురించి లేదు. సుగుణ గారి గురించి ఉంది.

సుగుణ గారు గుంటూరు వైపు నుంచి వచ్చినవారు. ఒక ప్రభుత్వాఫీసులో రికార్డు సెక్షన్ సూపరింటెండెంట్. హుస్సేనీ ఆలంలో అద్దెకుండేవారు. నా కంటే రెండేళ్ళు చిన్న. అప్పటికే రెండు డిగ్రీలున్నాయి. ఉన్నవాళ్ళకే ఇంకోటి ఎందుకని మొదటి రోజు నుంచీ నాకు లోపల మండేది. వాళ్ళ నాన్నగారు పాస్టరు. ఆయన వాడిన గ్రీకు కొత్త నిబంధన, అంచులకు ఎర్ర రంగు పూసిన పుస్తకం, ఆమె చేతిలో ఉండేది. నా చేతిలో జిరాక్స్ కాయితాలుండేవి. మూడో ఆదివారానికే ఆమె తెలుగులో రాసుకోకుండా గ్రీకు అక్షరాలు చూసి చదివేసింది. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ నాయనగారి గొంతు విన్నట్టుంది" అన్నారు. మా బాపు గొంతు బేగంబజార్ దాటి ఎవరూ వినలేదు.

ఆమె చీర గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఉండేది. నేను దానికి కూడా కుళ్ళేదాన్ని. ఆమె ఎప్పుడూ అయ్యగారి మంచి చెవి వైపు కుర్చీలో కూర్చునేది. ఒక ఆదివారం ఆ కుర్చీ కోసం గంట ముందే వెళ్ళి కూర్చున్నాను. ఆమె వచ్చి, "అయ్యో, ఫ్యాను గాలి ఇటు రాదండీ, మీకు ఉక్కగా ఉంటుంది" అని అవతల కూర్చుంది. ఆరోజు అయ్యగారు ఆమె వైపు తిరిగి పాఠం చెప్పారు.

అసూయ గురించి ఒక్కమాట చెప్పాలి. అది చెడ్డవాళ్ళ మీద అంతగా రాదు. ఆమె నన్ను ఒక్కనాడు తక్కువ చేసి మాట్లాడలేదు. చేసి ఉంటే నాకు సులువయ్యేది.

జులై చివర్లో మా పక్క బోనాల ఆదివారం వచ్చింది. సెలవియ్యమని కొందరు అడిగారు. పరీక్ష వచ్చే ఆదివారమే అని అయ్యగారు ఒప్పుకోలేదు. రెండింటికి తరగతి మొదలయ్యేసరికి హాలు బయట రోడ్డంతా డప్పులు. కిటికీలు మూసినా లాభం లేదు. ఆరోజు అప్పజెప్పడం ఆమె వంతు ముందొచ్చింది. ఆమె చిన్నగా, స్పష్టంగా చెప్పే మనిషి. డప్పు మధ్యలో ఆమెకు ఆమె గొంతే వినపడలేదు. ప్రిపొజిషన్లు చెబుతూ మూడుచోట్ల ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగింది.

తర్వాత నా వంతు. నేను పుట్టి పెరిగింది ఆ డప్పుల మధ్యనే. పుస్తకం మూసేసి, కళ్ళు మూసుకుని, నా పెట్టెలోని ర్యాకులు వరసగా తలుచుకుంటూ డప్పు దెబ్బకు ఒక్కో మాట వేశాను. లోగోస్, లోగూ, లోగో, లోగోన్, లోగే. ఏకవచనం అయ్యాక బహువచనం. తర్వాత పదిహేడు ప్రిపొజిషన్లు. ఎక్కడా ఆగలేదు. ముగించేసరికి వెనక వరసలో ఇద్దరు కాలుతో తాళం వేస్తున్నారు. నేను అయ్యగారి వినపడని చెవి వైపు ఉన్నా ఆయనకు ఒక్కసారికే అర్థమైంది. "ఎట్లా గుర్తు పెట్టుకున్నవమ్మా?" అని అడిగారు. పెట్టె తీసి చూపించాను.

నా జీవితంలో నన్ను చూసి పదిమంది చప్పుడు లేకుండా కూర్చోవడం అదే మొదటిసారి. ఆ సంతోషం అయిదు నిమిషాలుంది.

తరగతి అయ్యాక సుగుణ గారు వచ్చి పెట్టెలో కార్డులు ఒక్కొక్కటి ముట్టుకుని చూసింది. "ఎంత బాగా పెట్టారండీ. ప్రిపొజిషన్లు నాకు అస్సలు నిలవట్లేదు. ఒక్క నాలుగు రోజులు ఇస్తారా? గురువారం సాయంత్రానికి తెచ్చిచ్చేస్తాను."

అయ్యగారు పక్కనే ఉన్నారు, వినపడే చెవి మా వైపే ఉంది. "ఇయ్యమ్మా ఎస్తేరూ, ఒకరికొకరు" అన్నారు. ఇవ్వక తప్పలేదు. రేపు నాలుగింటికి డిపో గేటు దగ్గరికి రమ్మన్నాను. ఆ ఒక్క రోజు వాయిదా ఎందుకు వేశానో అప్పుడు నాకే తెలియదు. మర్నాడు తెలిసింది.

సోమవారం మధ్యాహ్నం కౌంటర్ దగ్గర పెట్టె తెరిచాను. పదిహేడులో మూడున్నాయి, ఎపి, పరా, ప్రోస్ అని. మిగతావాటి వెనక వచ్చే మాటకు తోక ఒకటో రెండో తీర్లు ఉంటే, వీటికి మూడు తీర్లు. తోక మారితే అర్థం మారుతుంది. పరా అంటే ఒక తోకతో దగ్గరనుంచి, ఒక తోకతో దగ్గర, ఇంకో తోకతో పక్కగా. బోనాల నాడు ఆమె ఆగిపోయిన మూడుచోట్లు ఇవే. అయ్యగారికి ఇష్టమైన ప్రశ్నలూ ఇవే. నాకు ఆ మూడు కార్డులు రాయడానికే రెండు వారాలు పట్టింది.

ఆ మూడూ తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. అప్పుడే స్టార్టర్ మోటార్ కోసం ఎవరో కిటికీ తట్టారు, లేచి ఇచ్చాను, వచ్చి పెట్టె మూసి దారం కట్టాను. నాలుగింటికి గేటు దగ్గర ఆమె రెండు చేతులా అందుకుంది. "చాలా థ్యాంక్సండీ ఎస్తేరు గారూ. ఈ రోజుల్లో ఎవరిస్తారు ఇట్లా" అంది. "అయ్యో, ఏముంది మేడం" అన్నాను.

బుధవారం పొద్దున ఫ్యాన్ బెల్టుల కార్డు తనిఖీకి తీయాల్సి వచ్చింది. చీటి పుస్తకం తెరిచాను. పైన కనిపించిన కార్బన్ నకలు సోమవారంది. నా చేతిరాత.

తీసిన కార్డులు: ఎపి, పరా, ప్రోస్. సంఖ్య: మూడు. కారణం: వెరిఫికేషన్ కొరకు. తీసినవారు: ఎస్తేరు, స్టోర్‌కీపర్. తేదీ. సంతకం.

రాసినట్టు జ్ఞాపకమే లేదు. దొంగతనం చేసే చెయ్యి ఒకటి, చీటి రాసే చెయ్యి ఒకటి, రెండూ నావే. పదహారేళ్ళ అలవాటు నన్ను అడగకుండానే చీటి చింపి, ఖాళీ చోట నిటారుగా నిలబెట్టి ఉంటుంది. మా కారణాల గడిలో ఎప్పుడూ రాసే మాటే రాసింది. అది ఇప్పుడు ఆ పెట్టెలో ఉంది. పెట్టె ఆమె దగ్గరుంది.

సలీం భాయ్ వచ్చి, "ఏమైంది ఆపా, మెమో వచ్చిందా?" అని అడిగాడు.

"ఇంక రాలే. నేనే రాసి పంపిన" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. చెప్పలేదు.

గురువారం సాయంత్రం అయిదు దాకా గేటు వైపు చూశాను. ఆమె రాలేదు. శుక్రవారం రాలేదు. శనివారం కూడా లేదు. ఫోను చేద్దామని నంబరు తీసి, ఏమని అడగాలో తెలియక పెట్టేసేదాన్ని. చీటి చూసిందన్నమాట. అయ్యగారికి చూపించే ఉంటుంది. పరీక్షకు ముందు అందరి ఎదుటా చీటి చదువుతారు, నా పేరు కొట్టేస్తారు. పదకొండు మంది ముందు స్టోర్‌కీపర్ ఎస్తేరు అని నా హోదాతో సహా నేనే రాసిచ్చాను. చదవాల్సిన మూడు రోజులూ ఇట్లా పోయాయి. కార్డులు కూడా లేవు నా దగ్గర, ఆ మూడు తప్ప. వాటిని చూస్తే అక్షరాలు కనిపించేవి కావు.

అంత భయంలోనూ నాకు ఆమె మీద కోపమే వచ్చింది తప్ప నా మీద రాలేదు. ఇది దాచడం ఎందుకు. ఆమె రికార్డు సెక్షన్ మనిషి కాబట్టి చీటి విలువ తెలుసు. ఇంకెవరైనా అయితే గులాబీ కాయితం అనుకుని పారేసేవాళ్ళు అని తిట్టుకున్నాను.

ఆదివారం నేను వెళ్ళేసరికి ఆమె హాలు మెట్ల దగ్గర పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. అదే దారం, అదే ముడి. నా చేతికిచ్చి ఒక్కమాటే అడిగింది.

"వెరిఫికేషన్ అయిందా అండీ?"

"అయింది" అన్నాను.

"మంచిది" అని లోపలికి వెళ్ళిపోయింది.

మెట్ల మీదే దారం విప్పాను. చీటి నేను పెట్టిన చోటే ఉంది. కింద ఖాళీగా ఉండే గడిలో, గుండ్రటి అక్షరాలతో: తిరిగి చేర్చబడినవి, మూడు. ఆమె సంతకం, తేదీ. చీటి వెనక మూడు కొత్త కార్డులున్నాయి. కొలత నా కార్డులంతే. నా పద్ధతిలోనే గళ్ళు గీసి, ఎపి, పరా, ప్రోస్, మూడింటికీ మూడు తీర్లూ రాసి ఉన్నాయి. నా కార్డుల కంటే శుభ్రంగా ఉన్నాయి. తప్పు దొరుకుతుందేమోనని ఆ స్థితిలో కూడా వెతికాను. దొరకలేదు.

తేదీ చూస్తే మంగళవారం. అంటే తీసుకెళ్ళిన మర్నాడే చీటి చూసింది, మర్నాడే కార్డులు రాసింది.

పరీక్ష జరిగింది. రాత పరీక్షలో ఇద్దరికీ ఇంచుమించు సమానంగా వచ్చాయి. తర్వాత ఒక్కొక్కరినీ అందరి ముందుకు పిలిచి నోటి పరీక్ష. అయ్యగారు నేననుకున్నట్టే ఆమెను ఎపి అడిగారు, పరా అడిగారు, ప్రోస్ అడిగారు. ఆమె ఒక్కదాని దగ్గర కూడా తడుముకోలేదు. నేను ఇచ్చిన కార్డుల్లో ఉన్నవాటి దగ్గర అక్కడక్కడా ఆగింది. తన చేత్తో రాసుకున్న ఆ మూడింటి దగ్గర మాత్రం ఆగలేదు. నన్ను పరా అడిగారు. మూడు తీర్లలో రెండు చెప్పాను. మూడోది నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయింది.

మూడు మార్కుల తేడాతో సిఫారసుకు ఆమె పేరు పోయింది. తర్వాతి ఆదివారం అయ్యగారు అందరి ముందూ చెప్పారు. చీటి మాట ఎత్తలేదు. ఆయన దాకా పోలేదని అప్పుడు తెలిసింది.

ఆరోజు కుర్చీలు మడిచే వంతు మా ఇద్దరిదీ. ఎవరూ లేకుండా చూసి అడిగాను.

"అయ్యగారికి ఎందుకు చెప్పలే మేడం?"

ఆమె ఇంకో కుర్చీ మడిచి గోడకు ఆనించింది. "గురువారం తెచ్చిస్తానన్నాను కదండీ పెట్టె."

"అన్నరు."

"బుధవారానికే నాకు చదవడం అయిపోయిందండీ. తేలేదు."

నాకు వెంటనే తట్టలేదు. "గదేంది? ఎందుకు?"

"బోనాల నాడు మీరు పుస్తకం మూసేసి అప్పజెప్పారు చూడండి, డప్పుకి తగ్గట్టు. ఇంటికెళ్ళి అన్నం తినబుద్ధి కాలేదండీ నాకు. మా నాన్న పుస్తకం నా చేతిలో ఉండి కూడా నేనట్లా చెప్పలేకపోయాను. పెట్టె నా దగ్గరుంటే మీరు చదవలేరనుకున్నాను."

"మరి నన్ను వెరిఫికేషన్ అయిందా అని అడిగిండ్రు."

"మరి అడగద్దా? కారణం రాశారుగా." ఆమె మొహం మారలేదు. కుర్చీ మడుస్తూ ఉంది. కొంచెం సేపటికి ఇద్దరికీ నవ్వొచ్చింది, కానీ పెద్దగా నవ్వలేదు.

నిజం చెప్పాలంటే నాకు అది విని హాయిగా అనిపించింది. ఆ కుర్చీ, ఆ చీర, ఆ ఎర్ర అంచు పుస్తకం ఉన్న మనిషి నన్ను చూసి అన్నం మానేసింది. ఆ హాయి ఇంటికెళ్ళేదాకా ఉంది. ఇంటికెళ్ళాక ఇంకో ఆలోచన వచ్చింది. ఆమె కూడా ఉన్నది లేకుండా చేసింది. కానీ నాలాగా చీటి పెట్టలేదు. ఆమె తప్పు నా తప్పు కంటే నీటుగా చేసింది. దానికి కూడా కుళ్ళాను.

చీటి మీద రద్దు అని రాసి కార్బన్ నకలు పక్కన అంటించి, సొంత పనికి వాడానని సూపర్‌వైజర్‌కు రాసిచ్చాను. ఆయన జాగ్రత్త అని మందలించి వదిలేశారు.

మరుసటి ఏడు అదే హాల్లో, సుగుణ గారు చెప్పే తరగతిలో, ఆమె ఎదురుగా కూర్చుని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఆమె బాగా చెప్పేది. అది ఒప్పుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మూడో ఏడు నా పేరు పోయింది. తర్వాత వేరే డిపోకు బదిలీ, ప్రమోషన్, షిఫ్టులు, చదువు ఆగుతూ సాగుతూ రిటైరయ్యేదాకా వచ్చింది. చివరి పేపర్లు రిటైరయ్యాకే రాశాను. గ్రీకు పేపర్లో నాకు ఆమె కంటే నాలుగు మార్కులు ఎక్కువ వచ్చాయి. ఆమె మార్కులు ఎన్నో ఆమెనే అడిగి తెలుసుకున్నాను.

ఇంకో కబురు కూడా ఉంది. అయ్యగారు పోయాక తరగతి పూర్తిగా సుగుణ గారే చూసుకునేవారు. ఇప్పుడు ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. పోయిన ఆదివారం నుంచి గ్రీకు తరగతి నాకు అప్పగించారు. హాజరు పట్టీ, సుద్ద డబ్బా, పాత ప్రశ్న కాగితాలు ఒక్కొక్కటి చూపించి ఇచ్చారు. జాబితా రాసి కింద ఇద్దరం సంతకం పెట్టాం. "ఇప్పుడు ఛార్జి మీదేనండీ" అన్నారు. ఎర్ర అంచు పుస్తకం మాత్రం జాబితాలో లేదు. చూశాను.

ఆ వారం పరీక్ష నుంచి నేను నేర్చుకున్నవి రెండు. మొదటిది, మనిషి కుళ్ళుతో పని చేసినా చెయ్యి మాత్రం దానికి నేర్పిన పద్ధతిలోనే చేస్తుంది. కాబట్టి మంచి పద్ధతి నేర్పితే చాలు, అది ఎప్పుడో ఒకప్పుడు మన మీదే ఫిర్యాదు చేస్తుంది. రెండోది, ఒకరు రాసిన కార్డు చదివితే వచ్చేదాని కంటే తన చేత్తో రాసుకుంటే వచ్చేది ఎక్కువ. సుగుణ గారికి ఆ మూడు ప్రిపొజిషన్లు వచ్చింది నేను దాచడం వల్లనే.

అందుకని పోయిన ఆదివారం కొత్త పిల్లలు పెట్టె అడిగితే ఇవ్వలేదు. కోసిన అట్టలు తలా ఇన్ని ఇచ్చి, గళ్ళు గీయడం చూపించి, ఎవరివి వాళ్ళే రాసుకోమన్నాను. సుగుణ గారు వెనక కుర్చీలో నల్ల కళ్ళద్దాలతో కూర్చుని, ఇది మంచి పద్ధతి అన్నారు. మంచి పద్ధతే. పెట్టె మాత్రం ఇంట్లో బీరువాలో ఉంది, తాళం నా దగ్గరుంది.